మూడో రేడియేటరు

2023 మే నెల. భోజనం చేసి అప్పుడే నడుం వాల్చాను. ఫోను మోగింది. అవతల మా అక్క.

"తమ్ముడూ, తొప్పూరు ఘాట్‌లో రోడ్డు పక్కన నిలబడి ఉన్నాం. బండి వెనక నుంచి ఒకటే ఆవిరి. లారీలు మా మీదికే వచ్చేట్టు పోతున్నాయి. నిలబడడానికి చెట్టు నీడ కూడా లేదు" అంది. గొంతులో భయం కంటే కోపమే ఎక్కువగా ఉంది.

సేలం దాటి ధర్మపురి వైపు వెళ్ళేవారికి ఆ ఘాట్ సంగతి నేను చెప్పనక్కరలేదు. ప్రమాదాలకు పేరుపడ్డ చోటు. అంతకు ముందురోజే మా ఇంటికి వచ్చి, పొద్దున్నే కోయంబత్తూరు నుంచి బెంగుళూరు బయల్దేరారు తల్లీ కొడుకులు. మా మేనల్లుడికి ఫోను ఇమ్మన్నాను. "ఇంజను ఆపావా?" "ఆపాను మామా, సూది పైకి పోగానే ఆపేశాను." "మూత ముట్టుకోకు. నీళ్ళు పొయ్యకు. అమ్మను రోడ్డుకు దూరంగా, రైలింగు అవతలికి తీసుకుపో. సేలం నుంచి బండ్లు మోసే లారీ పిలిపించు. నేను షెడ్డు తెరిచి ఉంచుతాను" అని చెప్పాను.

రాత్రి తొమ్మిదింటికి లారీ మా షెడ్డు ముందు ఆగింది. అక్క దిగి, చెంబెడు మంచినీళ్ళు తాగి, కొడుకు వైపు చూసి ఒక్క మాట అంది: "వచ్చే మే నెలలో ఇదే ఘాట్ నన్ను ఎక్కించుకుని ఎక్కు. ఎక్కితే ఉంచుకో. ఆగితే అమ్మెయ్."

అది చిన్న మాట కాదు. 1970లలో మా బావగారు నన్ను మద్రాసు దగ్గర షోలవరంలో పాత విమానాల మైదానం మీద జరిగే కారు పందాలకు తీసుకువెళ్ళేవారు. దుమ్ములో నిలబడి, చెవులు మూసుకుని, "మన ఇంట్లో కూడా ఒకటి ఉండాలిరా" అనేవారు. ఆయన జన్మలో కొన్నది స్కూటరు ఒకటే. 2016లో పోయారు. ఆ తర్వాత కొడుకు తన సంపాదనలో దాచిన డబ్బుతో పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొన్నాడు. తల్లికి అది వట్టి బండి కాదు, కొడుక్కీ కాదు. అందుకే ఆమె 'అమ్మెయ్' అన్నప్పుడు ఎవరం మాట్లాడలేదు.

ఇక నా సంగతి. కోయంబత్తూరు గణపతి ప్రాంతంలో నలభై ఏళ్ళకు పైగా రేడియేటర్ల పని చేశాను. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు, షెడ్డులో రెండూ. ఈ ఊరికి యంత్రాల మీద మోజు కొత్త కాదు. తెలుగు ఇంట పుట్టిన జి.డి. నాయుడు గారు (1893-1974) బస్సుల నుంచి క్షవరపు రేజరు దాకా తన చేతులతో రూపుకట్టిన ఊరు ఇది. మారుతి ఇంజనుతో తక్కువ ఖర్చులో రేసు కార్లు తయారుచేసిన కరివర్ధన్ గారు 1995లో విమాన ప్రమాదంలో పోయారు. ఆయన పేరు మీదే చెట్టిపాళయంలో 2003 నుంచి కరి మోటార్ స్పీడ్‌వే నడుస్తోంది. అయితే నా పనికి మాత్రం రోజులు దగ్గరపడ్డాయి. వెనకటి రేడియేటర్లు రాగి, ఇత్తడివి. చిల్లు పడితే పొయ్యి ముట్టించి టంకం పెట్టి అతికేవాళ్ళం. ఇప్పటివి అల్యూమినియం కోరు, దాని రెండు పక్కలా ప్లాస్టిక్ తొట్లు. పోతే పారేసి కొత్తది పెట్టడమే. షెడ్డు అద్దెకిచ్చేద్దామని అనుకుంటున్న రోజుల్లో ఈ బండి లారీ దిగింది.

వెనక నిప్పు, ముందు నీళ్ళు

ఆ కారు పోర్షే బాక్స్‌టర్, 2002 నాటిది. ఇంజను 2.7 లీటర్లు, ఆరు సిలిండర్లు. మూడు ఒక వైపు, మూడు ఇంకో వైపు పడుకుని ఉంటాయి. సీట్లు రెండే. ఇంజను సీట్ల వెనక, వెనక చక్రాలకు ముందు ఉంటుంది. ముందు మూత ఎత్తితే సామాన్ల గూడే కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు మా కుర్రాడు "అయ్యా, ఇంజను ఎవరో ఎత్తుకుపోయారు" అన్నాడు.

ఆ కంపెనీ దశాబ్దాల పాటు తన పేరుమోసిన 911 కార్లను గాలితోనే చల్లబరిచింది. రేడియేటరే లేదు. 1996లో బాక్స్‌టర్‌తోనూ, 1997లో కొత్త 911తోనూ నీళ్ళకు మారింది. గాలితో చల్లబడే 911 తయారీ 1998తో ఆగిపోయింది. మరి ఇంజను వెనక ఉంటే రేడియేటరు ఎక్కడ పెట్టాలి? ఎదురుగాలి బాగా తగిలేది ముందే గనక ముందు బంపరు లోపల, ఒక్కొక్క చక్రానికి ముందు ఒక్కొక్కటి చొప్పున రెండు పెట్టారు. ఇంజను దగ్గర కాగిన నీళ్ళు పొడవాటి గొట్టాల్లో కారు అడుగు నుంచి ముందుకు వచ్చి, చల్లబడి, మళ్ళీ వెనక్కి పోవాలి.

పెట్రోలు కాలినప్పుడు పుట్టే శక్తిలో ఉరమరగా మూడో వంతే చక్రాలకు పనికొస్తుంది. ఇంకో మూడో వంతు పొగ గొట్టంలో పోతుంది. మిగిలిన దానిలో పెద్ద భాగం నీళ్ళు మోయాలి. అంటే ఇంజను ఎంత పని చేస్తుందో దాదాపు అంత వేడినీ రేడియేటరు గాలికి వదలాలన్న మాట. ఇదే కారులో 3.2 లీటర్ల ఇంజనున్న 'ఎస్' రకం 1999లో వచ్చినప్పుడు బంపరు నడుమ రంధ్రం తెరిచి, అక్కడ మూడో రేడియేటరు పెట్టారు. మామూలు రకంలో ఆ నడుమ భాగం మూసే ఉంటుంది. మా అల్లుడి బండి మామూలుది.

"మామా, ఆ మూడో రేడియేటరూ, నడుమ జాలీ ఉన్న బిగింపు సామాన్లూ విడిగా దొరుకుతాయి. తెప్పిస్తాను, పెట్టేద్దాం" అన్నాడు వాడు మర్నాడు పొద్దున్నే.

"ఉన్న రెండింటినీ చూడకుండా మూడోది ఎందుకురా?" అన్నాను.

తెరిచి చూస్తే

ముందు, ఇంజనుకు ఏమైనా అయిందేమో చూశాం. బాగా కాగితే సిలిండర్ హెడ్ వంగుతుంది, గాస్కెట్ పోతుంది. అప్పుడు మరమ్మతు ఖర్చు బండి ఖరీదును మించినా మించుతుంది. నీళ్ళలో నూనె లేదు, నూనెలో నీళ్ళు లేవు, తొట్టిలో బుడగలు లేవు. కంప్రెషన్ ఆరింట్లోనూ సమంగా ఉంది. సూది పైకి పోగానే ఆపినందువల్లే బతికింది. "ఇంకో రెండు ఫర్లాంగులు పోనిచ్చి ఉంటే అమ్మ మాట ఈరోజే నెరవేరేది" అన్నాను.

తర్వాత బంపరు విప్పాం. ఈ కార్లలో ఏసీ కండెన్సరు ముందు, దాని వెనకే రేడియేటరు ఉంటుంది. బయటి నుంచి చూస్తే శుభ్రంగా కనిపించింది. రెండింటినీ విడదీసేసరికి నడుమ నుంచి పిడికెళ్ళ కొద్దీ చెత్త రాలింది. ఎండు వేపాకు, గుల్‌మొహర్ రేకులు, పురుగులు, పాలిథీన్ ముక్కలు, వాటన్నిటినీ కలిపి పట్టుకున్న మట్టి. కొన్నప్పటి నుంచీ ఎవరూ విప్పి చూడలేదు. ఒక పక్క ఫ్యాను తీగ కొస పచ్చగా తుప్పు పట్టి ఉంది. అది తిరిగితే తిరుగుతోంది, లేకుంటే లేదు.

తప్పు బండిది కాదు, మనదే. చెత్త దులిపి, సన్నని ధారతో వెనక నుంచి ముందుకు కడిగాం. గట్టి ధారతో కొడితే రేకులు వంగిపోతాయి. వంగినవాటిని దువ్వెనతో సరిచేశాం. తీగ కొస మార్చాం. ఆ తర్వాత బెంగుళూరు సిల్క్ బోర్డు జంక్షన్ రద్దీలో కూడా సూది కదలలేదు.

ఇక్కడ ఒక సూత్రం చెబుతాను. ఇది మీ ఇంట్లో ఉన్న మామూలు కారుకూ వర్తిస్తుంది. బండి నిలిచి ఉన్నప్పుడు వేడెక్కి, కదలగానే చల్లబడితే దోషం ఫ్యానుది, గాలిది. నిలిచి ఉన్నప్పుడు బాగుండి, వేగంగా పోతున్నప్పుడు వేడెక్కితే దోషం రేడియేటరు సత్తువది, నీళ్ళ పారుదలది. ఈ తేడా తెలియక ఎంతోమంది మార్చనక్కరలేనివి మార్చి డబ్బు పోసుకున్నారు.

మా పని అంతటితో అయిపోయేది. కానీ 2024 ఫిబ్రవరిలో అల్లుడు చెట్టిపాళయం ట్రాక్ మీద సాధనకు తీసుకుపోయాడు. ఓ.బి.డి. సాకెట్‌లో పెట్టే చిన్న యంత్రంతో ఉష్ణోగ్రత చూస్తూ నేను పక్కన కూర్చున్నాను. నాలుగో చుట్టుకు 104, ఆరో చుట్టుకు 109 డిగ్రీలు. ఇంకా ఎక్కుతూనే ఉంది. ఫ్యాన్లు బాగున్నాయి, పంపు బాగుంది, కోర్లు శుభ్రంగా ఉన్నాయి. వేగంగా పోతున్నప్పుడే ఎక్కుతోంది. "ఇప్పుడు తెప్పించు" అన్నాను.

బంపరు కోయడం

సామాన్లు మార్చిలో వచ్చాయి. రేడియేటరు, రెండు రబ్బరు హోస్‌లు, ఉన్న గొట్టాల్లో కలపడానికి టీలు, గాలిని నడిపే ప్లాస్టిక్ గూడు, నడుమ బిగించే జాలీ చట్రం.

బంపరు ప్లాస్టిక్‌ది. ఒకసారి కోస్తే మళ్ళీ అతకదు. మా ఆవిడ దాచిన పాత పెళ్ళి శుభలేఖల అట్ట తీసుకుని ముందు కొలత అచ్చు కోశాను. చట్రం కంటే అన్ని వైపులా రెండు నూలు పోగుల మేర చిన్నదిగా గీశాను. సన్నపళ్ళ రంపంతో లోపలి వైపు నుంచి కోసి, మిగిలింది ఆకురాయితో మెల్లగా అరగదీశాం. ఎక్కువ తీసేస్తే మళ్ళీ పెట్టలేం గదా. దర్జీ పనికీ దీనికీ తేడా లేదు.

జాలీ దగ్గర మామా అల్లుళ్ళకు వాదన వచ్చింది. వాడికి సన్నటిది అందంగా కనిపించింది. "రవ్వ జల్లెడ కాదురా, వడ్ల జల్లెడ కావాలి" అన్నాను. మరీ సన్నగా ఉంటే గాలికే అడ్డు, బురద కూడా పట్టేస్తుంది. రాయీ ఆకూ ఆగితే చాలు.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, గాలి లోపలికి రావడం ఎంత అవసరమో బయటికి పోవడమూ అంతే అవసరం. రంధ్రం కోసి వదిలేస్తే గాలి లోపల నిండి, రేడియేటరు పక్క సందుల్లోంచి తప్పించుకుంటుంది. కోరులోంచి దూరడం కష్టం గనక అది సులువైన దారే వెతుక్కుంటుంది. అందుకే గూడుకూ కోరుకూ నడుమ వేలు దూరే సందు కూడా లేకుండా స్పాంజి పట్టీ అతికించాం. వెనక గాలిని కారు కిందికి దింపే దారి పెట్టాం. రేడియేటరును నేరుగా బోల్టు వేసి బిగించకుండా రబ్బరు బుష్‌ల మీద కూర్చోబెట్టాం. లేకపోతే రోడ్డు కుదుపులకు చెవులు విరుగుతాయి.

ఇంకొకటి. ఈ మూడోదానికి ఫ్యాను లేదు. బండి కదులుతుంటేనే పని చేస్తుంది. రద్దీలో నిలబడి వేడెక్కే బండికి ఇది పెట్టి లాభం లేదు. మొదట్లోనే వాడి మాట విని దీన్ని బిగించి ఉంటే, చెత్త చెత్తగానే ఉండి, బండి మళ్ళీ అదే ఘాట్‌లో ఆగేది.

నా చేతి తప్పు

నీళ్ళు నింపే దగ్గర నా పరువు పోయింది.

నేను లారీల పద్ధతిలో పైనుంచి పోద్దామన్నాను. "మామా, గొట్టాలు పొడవు. నడుమ గాలి చిక్కుకుంటుంది. ముందు లోపలి గాలి లాగేసి, తర్వాత నింపాలి" అన్నాడు వాడు. కంప్రెసరుకు తగిలించే చిన్న పరికరం ఒకటి తెచ్చాడు. అది లోపలి గాలిని పీల్చేస్తుంది, హోస్‌లు చప్పిడిగా నొక్కుకుపోతాయి. అరగంట ఆగి చూస్తే ముల్లు అక్కడే ఉండాలి. ఉంటే ఎక్కడా చిల్లు లేదన్నట్టు. అప్పుడు కవాటం తిప్పితే చల్లబరిచే ద్రవాన్ని అదే లోపలికి లాక్కుంటుంది.

ముల్లు నిలవలేదు. పది నిమిషాల్లో సగానికి పడిపోయింది. "నీ పరికరమే పాడు" అన్నాను. వాడు ఏమీ అనలేదు. టార్చి పట్టుకుని కిందికి దూరి ఒక్కొక్క అతుకూ తడిమి చూశాడు. ఎడమ వైపు టీ మెడ దగ్గర వెంట్రుక మందాన పగులు. ఆ క్లిప్పు బిగించింది నేనే. నలభై ఏళ్ళు ఇత్తడి గొట్టాల మీద బిగించిన చెయ్యి, ప్లాస్టిక్‌కు అంత బలం అక్కరలేదని మరిచిపోయింది. ఆ పగులుతో అలాగే నింపి, పండక్కో పెళ్ళికో మా అక్కను కూర్చోబెట్టి పంపి ఉంటే? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున్నే షెడ్డుకు వెళ్ళి, చాలా నెలలుగా గుడ్డ కప్పి ఉంచిన లేత్ మీద గుడ్డ తీశాను. మొదట చెయ్యి ఇత్తడి కడ్డీ వైపే పోయింది. ఆగాను. రేడియేటరు అల్యూమినియం. రెండు వేరు వేరు లోహాలు ఒకే నీళ్ళలో ఉంటే కాలం గడిచేకొద్దీ ఒకటి రెండోదాన్ని తినేస్తుంది. ఇక్కడ పోయేది అల్యూమినియమే. అందుకని అల్యూమినియం కడ్డీతోనే రెండు టీలకు ముక్కలు తిప్పాను. హోస్ జారిపోకుండా కొసల్లో చిన్న గట్టు తీశాను. పక్క షెడ్డు అబ్బాయి వెల్డింగ్ చేసి పెట్టాడు. మా అల్లుడు వాటిని చేతిలో తిప్పి తిప్పి చూసి, "ఇలాంటివి ఎక్కడా దొరకవు మామా" అన్నాడు. ఆ మాట కోసం ఇంకో నలభై ఏళ్ళు పని చెయ్యొచ్చు.

ఈసారి ముల్లు అరగంటైనా కదలలేదు.

నింపింది శుద్ధ జలమూ కూలెంటూ సగం సగం. మా ఊరి శిరువాణి నీళ్ళు తాగడానికి అమృతమే అయినా రేడియేటరుకు అవీ వద్దు, బోరు నీళ్ళు అసలే వద్దు. ఉప్పు పొరలు కట్టి సన్న దారులు మూసుకుపోతాయి. మూత మంచిది ఉండడం కూడా ముఖ్యమే. మామూలుగా నీళ్ళు 100 డిగ్రీలకు మరుగుతాయి. మూత లోపల బయటి గాలి కంటే ఒక బార్ ఒత్తిడి ఎక్కువ నిలిపితే 120 దాకా మరగవు. వేడి మీద మూత తిప్పితే ఆ ఒత్తిడి ఒక్కసారి పోయి, లోపలిదంతా ఆవిరై మొహం మీదికి చిమ్ముతుంది. మా షెడ్డుకు కట్టు కట్టిన చేతులతో వచ్చినవాళ్ళను ఎంతమందిని చూశానో!

చట్టం మాట

బండికి మార్పులు చేసేవారు ఒక సంగతి మరవకూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చినదానికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. మేం ఇంజను, చట్రం, రంగు, కొలతలు ఏవీ ముట్టుకోలేదు. అయినా పని మొదలుపెట్టక ముందే అల్లుడు బీమా కంపెనీకి కాగితం రాసి, వారి జవాబు దాచి ఉంచాడు. నంబరు పలకను కొందరు కొత్తగా కోసిన రంధ్రం మీదే బిగిస్తారు. అప్పుడు చేసిన పనంతా వృథా. పలక ఎప్పటి చోటనే, అందరికీ కనబడేట్టు ఉంచాం.

ఏప్రిల్‌లో మళ్ళీ చెట్టిపాళయం పోయాం. ఫిబ్రవరి కంటే ఎండ ఎక్కువ. పది చుట్లు తిరిగినా అంకె 98 దాటలేదు.

మళ్ళీ తొప్పూరు

2024 మే రెండో వారం. ముందు ఏడాది లాగానే అక్క మా ఇంటికి వచ్చింది, అదే బండిలో తిరుగు ప్రయాణం. గుమ్మంలో నిలబడి, "నువ్వు చెప్పు తమ్ముడూ, ఎక్కమంటావా?" అంది. నేను మూడో రేడియేటరు గురించి ఏమీ చెప్పలేదు. "ముల్లు అరగంట నిలిచింది అక్కా" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. అయినా ఎక్కింది. సీటు పక్కన రెండు సీసాల నీళ్ళూ, ఒక గొడుగూ మాత్రం మరిచిపోకుండా పెట్టుకుంది.

ఆ రోజు నాకు షెడ్డులో ఏ పనీ సాగలేదు. పన్నెండున్నరకు ఫోను మోగింది. వెనక లారీల హోరు ఉందేమోనని చెవి పెట్టి విన్నాను. లేదు.

"తమ్ముడూ, ఘాట్ ఎక్కేశాం. లారీల వెనకే నత్తలా వచ్చాం. నేను రోడ్డు చూడలేదు, ఆ సూదినే చూస్తూ కూర్చున్నాను. నడుమనే ఉంది." కాసేపు ఆగి, "మీ బావ ఉంటే..." అని, మాట పూర్తి చేయకుండా కొడుక్కి ఫోను ఇచ్చేసింది.

బండి మా అల్లుడి దగ్గరే ఉంది. నా షెడ్డు కూడా అద్దెకు పోలేదు. శని ఆదివారాల్లో వాడు వస్తాడు, నాకు ఓ.బి.డి. యంత్రం నేర్పుతాడు, నేను వాడికి లేత్ నేర్పుతాను. బరంపురంలో ఉన్నా, షోలాపూర్‌లో ఉన్నా, యానాంలో ఉన్నా మన ఇళ్ళలో ఏదో ఒక పని తెలిసిన పెద్దవాళ్ళు ఉంటారు. వారి మూల గదిలో గుడ్డ కప్పిన లేత్ లాంటిది ఏదో ఉంటుంది. ఒకసారి ఆ గుడ్డ తీయించండి. అన్నట్టు, ఈ వేసవి రాకముందే మీ బండి రేడియేటరు ముందున్న చెత్త కూడా ఒకసారి దులిపించండి. దానికి మూడోదేమీ అక్కరలేదు, ఒక బ్రష్షూ, అరపూట తీరికా చాలు.